ఆదివారం కట్టిన నెట్

పొద్దున్నే వాట్సాప్ గ్రూపులో పోస్టర్ పడింది. నీలం రంగు మీద ఆయన ఫొటో, పక్కన ఎగురుతున్న వాలీబాల్, పైన ఒక తెల్ల పావురం. కింద ఆయన గురించి నాలుగు ముక్కలు: భక్తిపరుడు, క్రీడాభిమాని, కుటుంబీకుడు, మాజీ సైనికుడు. నాలుగూ నిజాలే, వంక పెట్టడానికి లేదు. కానీ ఆ నాలుగు ముక్కలూ పేర్చిన మహానుభావులెవరో నాకు తెలుసు కనక చదవగానే ఒళ్ళు మండిపోయింది. పోస్టర్ కింద అప్పటికే చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడుతున్నాయి. ‘మన సంఘానికి మూలస్తంభం’ అని రాశారు మా చైర్మన్ గారు. బతికుండగా ఆ స్తంభం ఆయన కంటికి ఎప్పుడూ అడ్డంగానే ఉండేది.

మాది కెనడాలో, ఒషావా ఊళ్ళో చిన్న తెలుగు క్రైస్తవ సంఘం. ఇంగ్లిష్ వాళ్ళ చర్చిలో వాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం మాకు హాలు ఇస్తారు. తెనాలి, గుంటూరు, ఏలూరు వైపు నుంచి వచ్చినవాళ్ళం. నర్సులు, ఐటీ వాళ్ళు, నాలాగా ఆస్పత్రి ల్యాబుల్లో పనిచేసేవాళ్ళు. మా ఆయన సంఘం కమిటీకి సెక్రటరీ. ఈ సంగతి ఇదివరకు నేనే నలుగురికీ చెప్పుకునేదాన్ని. ఇప్పుడు ఎవరైనా అడిగితే చెబుతున్నాను, అంతే.

పోస్టర్‌లో ఉన్నాయన్ని మేమంతా సుబేదారు గారు అనేవాళ్ళం. ఇండియాలో మిలట్రీ నుంచి రిటైరై, ఇక్కడ నర్సుగా ఉన్న కూతురు పిలిపిస్తే భార్యతో, అంటే మా ఆంటీతో, వచ్చారు. కార్ల సీట్లు కుట్టే కంపెనీలో కొన్నేళ్ళు పనిచేసి అదీ మానేశారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. ఆటకు వేసుకునే టీషర్టుని కూడా ఇస్త్రీ చేసుకునేవారు. షూ లేసులు రెండు ముళ్ళు వేసి, ఆ ముళ్ళ మీద ఒకసారి వేలితో నొక్కి చూసుకుని గానీ లేచేవారు కాదు.

ప్రార్థన మాత్రం కళ్ళు తెరిచి చేసేవారు. హాలులో అందరం కళ్ళు మూసుకుని తల వంచుకుంటే, ఆయన ఒక్కరే కిటికీలోంచి కార్ల పార్కింగు వైపు చూస్తూ పెదాలు కదిపేవారు. కొత్తలో నాకు తప్పుగా తోచి అడిగేశాను.

“కళ్ళు మూసుకోరేంటండీ?”

“సరిహద్దు పోస్టులో కళ్ళు మూసుకుంటే అవతలివాళ్ళు కాల్చేసేవాళ్ళమ్మా. అలవాటు పోలేదు. పైనున్న ఆయనకి తెలుసులే” అన్నారు.

ఆయన ప్రార్థన కూడా రిపోర్టు ఇచ్చినట్టే ఉండేది. “ప్రభువా, అందరం హాజరు. ఇద్దరికి జలుబు. ఒకమ్మాయికి ఇంటర్వ్యూ ఉంది, చూసుకో. ఆమెన్.” మా చైర్మన్ గారు ప్రార్థన మొదలుపెడితే వంట చల్లారిపోయేది. అందుకే భోజనాల ముందు సుబేదారు గారు లేస్తే పిల్లలందరూ చప్పట్లు కొట్టినంత పని చేసేవాళ్ళు.

వాలీబాల్ అంటే ఆయనకు ప్రాణం. రెజిమెంటు టీముకు ఆడారట. చర్చి వెనక పార్కులో సిటీ వాళ్ళు పాతిన రెండు స్తంభాలుంటాయి, నెట్ మాత్రం మనమే తెచ్చుకోవాలి. ప్రతి శనివారం సాయంత్రం నెట్ కట్టి, దాని కింద నిలబడి చెయ్యెత్తి ఎత్తు చూసుకునేవారు. అంగుళం తగ్గినా విప్పి మళ్ళీ కట్టేవారు. అవతల ఆడేవాళ్ళు ఎంత మొత్తుకున్నా వినేవారు కాదు. బంతి వస్తుంటే మొహం తిప్పుకున్నవాళ్ళని చూస్తే ఆయనకి ఎక్కడలేని కోపం.

“బంతిని చూసి తలొంచుకుంటావేంటయ్యా? అదేమైనా మీ అత్తగారా?”

నెట్‌కి చెయ్యి తగిలితే తగిలినవాళ్ళే చెప్పాలి, అది ఆయన రూలు. అవతలి వాళ్ళు అరిచినా లెక్కలేదు, అంపైరు లేడు. తగిలినవాడు నోరు విప్పేదాకా బంతి చంకలో పెట్టుకుని ఊరికే నిలబడేవారు. ఒకసారి మా ఆయనకే తగిలింది. ఒప్పుకోడానికి ఎంతసేపు పట్టిందో తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

సుబేదారు గారి మనవరాలు ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లిష్‌లో ఇస్తుంది. దాన్ని ముందు కూర్చోబెట్టుకుని జడ వేసేది కూడా ఆయనే. పాపిట కాస్త వంకర పోతే మొత్తం విప్పి మొదట్నుంచీ దువ్వేవారు. “తాతా, యూ ఆర్ సో ఎక్స్‌ట్రా!” అని అది విసుక్కుంటే, “అవును, ఎక్స్‌ట్రాయే. రెండు వైపులా సమానంగా ఉండాలి” అని ఈయన దువ్వుతూనే ఉండేవారు. ఆంటీకి పొద్దున టీ కలిపి ఫ్లాస్కులో పోసి పెట్టడం దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆయన చెయ్యని పని లేదు.

నవంబరులో ఇక్కడ సైనికుల్ని తల్చుకునే రోజున, యుద్ధ స్మారకం దగ్గర జనం పోగవుతారు. ఆయన కోటుకి ఎర్ర పువ్వు పెట్టుకుని వెళ్ళి, అందరికన్నా వెనక నిలబడేవారు. పతకాలు మాత్రం ఇంట్లోనే వదిలేసేవారు. ఒక ఏడాది నేనూ వెంట వెళ్ళాను. ఆయన నిలబడ్డ తీరు చూసి ఒక తెల్లాయన వచ్చి చెయ్యి పట్టుకుని, మా దేశానికి సేవ చేసినందుకు థాంక్స్ అన్నాడు. ఈయన వెంటనే, “సర్, నేను చేసింది వేరే దేశానికి” అన్నారు. ఆ మనిషి తడబడిపోయి ఏదో గొణిగి వెళ్ళిపోయాడు.

“ఊరుకోవచ్చు కదండీ, పాపం ఆయన మంచిగానే అన్నాడు” అన్నాను నేను.

“మనది కానిది ఎలా తీసుకుంటామమ్మా?” అన్నారు, అంతే.

ఇక ఆదివారం సంగతి చెప్పాలి. ఆయనకు ఆదివారం అంటే విశ్రాంతి దినం, పరిశుద్ధ దినం. గడ్డం గీసుకోరు, షాపుకి వెళ్ళరు, బంతి ముట్టరు. ఆ ఇంట్లో ఆదివారం పొయ్యి కూడా వెలగదు, వంట శనివారమే అయిపోవాలి. ఇందులో ఆయనకన్నా ఆంటీ ఇంకో ఆకు ఎక్కువే చదివింది. ఎవరు కొత్తగా సంఘానికి వచ్చినా ఆంటీ ఒక కథ చెప్పేది. మిలట్రీలో ఉన్నప్పుడు ఒకసారి వాలీబాల్ ఫైనల్ ఆదివారం పడిందట. ఈయన ఆడనన్నారట. పై ఆఫీసరు తిట్టినా, బతిమాలినా ఆడలేదు. టీము ఓడిపోయింది. చాన్నాళ్ళు బ్యారక్‌లో ఈయనతో ఎవరూ మాట్లాడలేదు. ఆంటీ ఈ కథ చెబుతున్నంతసేపూ ఆవిడ మొహం వెలిగిపోయేది. ఆయన మాత్రం అక్కణ్ణుంచి లేచిపోయేవారు. ఒకసారి నాతో అన్నారు: “ఆ రోజు బ్యారక్‌లో కూర్చుని బయట బంతి చప్పుడు వింటూ ఏడ్చానమ్మా. అది ఆవిడకి తెలీదు.”

ఇంతలో స్టూడెంట్లు రావడం మొదలైంది. రెండు మూడేళ్ళలో ఒషావా మొహమే మారిపోయింది. ఏ బస్సెక్కినా తెలుగే. ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపు పక్కన పరుపు వేసుకుని పిల్లలు. కర్నూలు, అనంతపురం, వరంగల్, కరీంనగర్, అన్ని వైపుల వాళ్ళూ ఉన్నారు. ఆదివారం మా హాలు కిటకిటలాడేది. మొదట్లో చైర్మన్ గారు మురిసిపోయారు. హాలు నిండిన ఫొటోలు తీయించి గ్రూపులో పెట్టారు. “మన చర్చ్ గ్రో అవుతోంది బ్రదర్!” అని మా ఆయన భుజం తట్టారు. తర్వాత తెలిసింది, వాళ్ళలో చాలామంది క్రైస్తవులు కారు, భోజనం కోసం వస్తున్నారని. వెనక వరసల్లో షిఫ్ట్ చేసొచ్చి నిద్రపోతారని. అక్కణ్ణుంచి ఆయనకి చిరాకు మొదలైంది.

“తినడానికొస్తే రానీండి. నేను మాత్రం మిలట్రీలో దేశభక్తితో చేరానా? తిండికే చేరాను” అన్నారు సుబేదారు గారు. చైర్మన్ గారు నవ్వారు. ఆ నవ్వు ఎలాంటిదో నాకు తెలుసు.

వాళ్ళలో అనంతపురం అమ్మాయి ఒకతె ఉండేది. జిల్లా టీముకి వాలీబాల్ ఆడిందని ఎవరో చెబితే సుబేదారు గారికి పండగే అయింది. ఆ పిల్ల సర్వ్ చేస్తే మా మగాళ్ళు పక్కకి తప్పుకునేవాళ్ళు. తర్వాత పనులు దొరకడం కష్టమైంది. దొరికిన షిఫ్ట్ చెయ్యాల్సిందే, కాదంటే ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. శనివారాలన్నీ గోడౌన్లకే పోయాయి. నెట్ కట్టుకుని ఆయన, మా ఆయన, ఇంకో ఇద్దరు ముసలాళ్ళు మిగిలారు. ఆ అమ్మాయి చర్చికి కూడా రావడం మానేసింది.

ఒక శుక్రవారం ఆయన ప్రార్థన చేసొద్దామని ఆ అమ్మాయి ఉండే బేస్‌మెంట్‌కి వెళ్ళారు. తిరిగొస్తూ మా ఇంటికొచ్చారు. కుర్చీలో కూర్చున్నారు గానీ, ఇచ్చిన టీ ముట్టలేదు.

“ఏమైందండీ?”

“ఆదివారం ఒక్కటే సెలవంట ఆ పిల్లకి. ఆ రోజంతా పరుపు మీంచి లేవదంట. పక్కనున్న పిల్లలు చెప్పారు, తిండి కూడా సరిగ్గా తినట్లేదని. ప్రార్థన చేస్తానమ్మా అన్నాను. ‘ప్రార్థన వద్దంకుల్. యాడన్నా ఆడాలని ఉంది’ అంది. గోడవైపు తిరిగి పడుకునే అందమ్మా ఆ మాట.”

“మరి మీరేమన్నారు?”

“ఏమంటాను? ఆదివారం నేనాడను కదా.”

ఆ రెండు రోజులూ ఆయన ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో ఆంటీకే తెలియాలి. ఆదివారం ఆరాధన అయ్యాక, భోజనాలయ్యాక, ఆయన కారు దగ్గరికెళ్ళి డిక్కీలోంచి నెట్ తీశారు. చొక్కా అక్కడే మార్చుకున్నారు. ఫోను చేసి పిలిపించిన స్టూడెంట్లు పార్కు దగ్గర పోగయ్యారు. ఆ అమ్మాయినీ లాక్కొచ్చారు, జుట్టు కూడా దువ్వుకోలేదు పాపం. ఆంటీ కారులోనే కూర్చుని అద్దాలు పైకెత్తేసుకుని బైబిలు తెరిచింది. మండుటెండలో అలాగే కూర్చుంది, నేను వెళ్ళి తలుపు కొట్టినా దించలేదు. ఇంటికెళ్ళాక వారం రోజులు ఆయనతో మాట్లాడలేదట.

కానీ ఆ రోజు ఆ పిల్ల ఆడింది. మొదట రెండు బంతులు నెట్‌లోకే పోయాయి. మూడోది అవతల గీత మీద పడింది. సుబేదారు గారు “శభాష్!” అని అరిచిన అరుపు చర్చి దాకా వినపడి ఉంటుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం వాళ్ళు వచ్చారు. చలికాలం వస్తే ఆయన గరాజ్‌లోంచి కారు బయట పెట్టి, ఖాళీ గోడకి బంతి కొట్టించేవారు. ఆ అమ్మాయి మళ్ళీ చర్చికొచ్చి వెనక వరసలో నిద్రపోవడం మొదలుపెట్టింది. అది చూసి ఎంత సంతోషించానో.

మా వాళ్ళకి మాత్రం అది మింగుడు పడలేదు. కమిటీ మీటింగ్ మా ఇంట్లోనే, మా బేస్‌మెంట్‌లోనే జరిగింది. నేను బజ్జీలు వేసి కిందికి తీసుకెళ్ళాను. చైర్మన్ గారు చెబుతున్నారు, “బ్రదర్, సంఘ పెద్దే విశ్రాంతి దినాన్ని మీరితే మన పిల్లలకేం నేర్పుతాం? పైగా ఆ స్టూడెంట్స్ గుంపు, ఆ కేకలు. ఇంగ్లిష్ వాళ్ళు హాలు ఇవ్వం పొమ్మంటే మన గతేంటి?” ఎదురుగా టీవీలో క్రికెట్ మ్యాచ్ వస్తోంది. మ్యూట్‌లో పెట్టారు. మాట మధ్యలో వికెట్ పడితే ఆయన ఆగి, రీప్లే చూసి, మళ్ళీ విశ్రాంతి దినం అందుకున్నారు. ఆ రోజు కూడా ఆదివారమే.

“మరి వీళ్ళు ఆడుతున్నది ఏ రోజండీ?” అని టీవీ వైపు చూపించాను.

“నువ్వు టీ సంగతి చూడు” అన్నాడు మా ఆయన.

“మీరే చూసుకోండి టీ” అని పళ్ళెం అక్కడ పెట్టి పైకొచ్చేశాను. నేను పైకొస్తే మాత్రం ఏమవుతుంది? వాళ్ళ తీర్మానం వాళ్ళు చేసేశారు. సుబేదారు గారు సంఘం ముందు తప్పు ఒప్పుకునేదాకా ప్రభువు బల్లకు దూరంగా ఉండాలి. అంటే నెల మొదటి ఆదివారం అందరికీ ఇచ్చే రొట్టె, ద్రాక్షారసం ఆయనకి ఇవ్వరు. మన వైపు చర్చిలలో ఎవరైనా ఇల్లు విడిచి లేచిపోతేనో, తాగి తన్నుకుంటేనో వేసే శిక్ష అది. బంతి ఆడినందుకు వేశారు.

ఆ మాట చెప్పడానికి చైర్మన్ గారూ మా ఆయనా వాళ్ళింటికెళ్ళారు. ఆయన నిలబడే విన్నారట. “ఆర్డరు మీది, ఒప్పుకుంటాను. బల్ల దగ్గరికి రాను. నెట్ మాత్రం విప్పను” అన్నారట. ఇంటికొచ్చి మా ఆయన, “చాలా స్టబ్బర్న్ మనిషి” అన్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. నోరు విప్పితే ఆ రోజు మా ఇంట్లో ఏం జరిగేదో నాకే తెలీదు.

అప్పట్నుంచి మొదటి ఆదివారం వచ్చిందంటే నాకు హాలులోకి అడుగు పెట్టబుద్ధయ్యేది కాదు. పాస్టర్ గారు రొట్టె విరుస్తారు. వరసలు వరసలుగా లేచి ముందుకెళ్ళి మోకరిస్తాం. ఆంటీ కూడా వెళ్ళేది, తలమీద కొంగు కప్పుకుని, ఒక్కతే. ఆయన వెనక గుమ్మం దగ్గర అటెన్షన్‌లో నిలబడేవారు. కూర్చోమంటే కూర్చోరు, బయటికెళ్ళరు. అంత భక్తిగల మనిషి, చిన్నప్పట్నుంచీ రొట్టె తీసుకునే సంస్కారం ఒక్కటీ తప్పనివాడు, ఆఖరి మనిషి లేచొచ్చేదాకా కళ్ళు తెరుచుకుని ఆ బల్లనే చూస్తూ ఉండేవారు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. చైర్మన్ గారు ద్రాక్షారసం గ్లాసుల ట్రే పట్టుకుని ఆయన పక్కనుంచే నడిచి వెళ్ళారు. ఆయన దారి ఇచ్చారు.

తర్వాతి ఏడు మంచు కరిగే రోజుల్లో సుబేదారు గారిని గుండె నొప్పితో మా ఆస్పత్రిలో చేర్చారు. ఆపరేషన్‌కి ఒంట్లో ఓపిక లేదన్నారు. నేను డ్యూటీ దిగి పైకెళ్ళేదాన్ని. అనంతపురం అమ్మాయి షిఫ్ట్‌కి షిఫ్ట్‌కి మధ్య వచ్చి కాళ్ళ దగ్గర కూర్చునేది. ఒక మధ్యాహ్నం ఆయన నన్ను దగ్గరికి రమ్మన్నారు.

“అమ్మా, పాస్టర్ గారొస్తే ఒకసారి రొట్టె ఇస్తారేమో అడుగుతావా?”

నా జీవితంలో ఎవరూ నన్ను అంత చిన్న కోరిక కోరలేదు. పాస్టర్ గారికి ఫోను చేశాను. కమిటీని ఒక మాట అడగాలమ్మా అన్నారు. చైర్మన్ గారికి చేశాను. ఆయన చాలా మంచిగా మాట్లాడారు.

“సిస్టర్, మేమేం రాళ్ళం కాదు. పెద్ద క్షమాపణలేం వద్దు. ‘ఆదివారం ఆడటం తప్పే’ అని ఒక్క లైను ఫోన్‌లో రికార్డు చేసి పంపమనండి, చాలు. ఈవినింగే పాస్టర్ గారొచ్చి ఇచ్చేస్తారు.”

నేను ఆ మాట చెప్పగానే ఆంటీ మంచం పట్టె పట్టుకుని కిందికి వంగిపోయింది. “ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. ఒక్క మాట అనెయ్యండి. నాకోసం అనెయ్యండి.”

ఆయన చాలాసేపు కిటికీ వైపు చూశారు. ప్రార్థన చేస్తున్నారనుకుంటా.

“తప్పని నాకనిపించట్లేదే. అనిపించనిది అంటే అబద్ధం కదా? ఆ నోటితోనే రొట్టె ఎలా తినమంటావు?”

మర్నాడు పొద్దున పోయారు. రొట్టె తినకుండానే పోయారు. గుప్పెడు అటుకులంత కూడా ఉండదు ఆ ముక్క. దాన్ని చావబోయే మనిషి నోట్లో పెట్టడానికి వీళ్ళకి చేతులు రాలేదు.

అంత్యక్రియలకి మాత్రం అందరూ నల్ల కోట్లు వేసుకుని వచ్చారు. చైర్మన్ గారు కన్నీళ్ళు పెట్టుకుని, మిలట్రీలో ఆయన ఆదివారం ఫైనల్ ఆడనన్న కథ చెప్పారు. ఆంటీ చెప్పిన కథే. ఎంత బాగా చెప్పారో! “విశ్వాసంలో రాజీ పడని యోధుడు” అన్నారు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను. పక్కన ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఉంది. కథ ఆయన నోట్లోంచి వస్తున్నంతసేపూ ఆవిడ మొహం ఇదివరకటిలా వెలగలేదు.

ఎండాకాలం రాగానే ఆ పోస్టర్ వచ్చింది. ఆయన పేరు మీద స్మారక వాలీబాల్ టోర్నమెంట్, శనివారం పొద్దున. నేను వెళ్ళనని భీష్మించుకుని కూర్చున్నాను. ఆంటీ ఫోను చేసి, “నన్ను తీసుకెళ్తావామ్మా? కూతురికి డ్యూటీ” అంది. ఇక తప్పలేదు.

అదే పార్కు. ఆయన ఫొటో అచ్చేసిన టీషర్టులు తొడుక్కుని మా మగాళ్ళు పొట్టలతో ఎగరలేక ఎగురుతున్నారు. నెట్ ఎంత కిందికి కట్టారంటే నేను నిలబడే చెయ్యి అవతల పెట్టగలను. చెయ్యి తగిలినా ఎవడూ ఒప్పుకోడు, తగిలింది తగల్లేదని ఒకటే గోల. సమోసాలు, జూసు, స్పీకర్లో క్రైస్తవ పాటలు. చివర్లో చైర్మన్ గారు మైకు పట్టుకుని సుబేదారు గారి క్రీడాస్ఫూర్తి గురించి మాట్లాడి, కప్పు ఇవ్వడానికి ఆంటీని పిలిచారు.

ఆంటీ మెల్లగా ముందుకెళ్ళింది. మా ఆయన కప్పు తెచ్చి ఆవిడ చేతుల్లో పెట్టాడు. ఆవిడ దాన్ని పట్టుకుని చుట్టూ చూసింది.

“ఆ పిల్లలేరి బాబూ?”

“స్టూడెంట్సా ఆంటీ?” అన్నారు చైర్మన్ గారు. “ఇన్వైట్ చేశామండీ. శనివారం కదా, అందరికీ షిఫ్ట్‌లంట.”

“ఆదివారం పెట్టకపోయారా?”

చైర్మన్ గారు మైకు కొంచెం దూరంగా పెట్టి నవ్వారు. “మీకు తెలియనిదేముందాంటీ. ఆదివారం దేవుడి రోజు.”

ఆంటీ కప్పుని బల్ల మీద పెట్టేసింది.

“నెట్ విప్పకండి” అంది. “రేపు ఆరాధన అవగానే పిల్లల్ని రమ్మంటాను. నేనూ వస్తాను.”

మా ఆయన దగ్గరికొచ్చి, మెల్లగా చెప్పబోయాడు.

“ఆంటీ, రేపు మొదటి ఆదివారం. సంస్కారం ఉంది.”

“తెలుసు బాబూ” అంది ఆంటీ. “రేపటి నుంచి రొట్టె నాకూ ఇవ్వకండి.”